గాస్కెట్ బదులు సిలికోన్

పాత కారు ఇంజిన్ విప్పిన ప్రతిసారీ నాకు కడుపు మండేది ఒక్కదానికే: గాస్కెట్ (రెండు భాగాల మధ్య ఆయిల్ కారకుండా పెట్టే పల్చటి పొర) వేయాల్సిన చోట ఎవరో ఇంత సిలికోన్ పేస్టు పూసి వదిలేయడం. బయటికి పొంగింది కనిపిస్తుంది, గీకేయొచ్చు. లోపలికి పొంగింది మాత్రం ఊడి సంప్‌లో, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో పడి, పంపు ఆయిల్ పీల్చే జాలీకి అడ్డం పడుతుంది. ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది, బేరింగులు అరుగుతాయి, ఆ తర్వాత ఆ బేరింగుల్లో తిరిగే ప్రధాన ఇరుసు క్రాంక్‌షాఫ్ట్ వంతు. దశాబ్దాలు బతికిన ఇంజిన్ చావడానికి ఇంత చాలు!

సిలికోన్ అసలే వద్దని కాదు, కొన్ని జాయింట్లకు కంపెనీ మాన్యువలే అది వాడమంటుంది. కానీ పాతదంతా శుభ్రంగా తుడిచి, సన్నటి గీతలా వేయాలి. ఇంకొందరు జాయింట్ నుంచి ఆయిల్ కారుతోందని బోల్టుల్ని టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే రెంచ్) లేకుండా బలంకొద్దీ బిగించేస్తారు. అల్యూమినియంలో బోల్టు పట్టుకునే థ్రెడ్లు (మరలు) పోతే ఏడవాల్సింది తర్వాత విప్పేవాడే కదా?