మహారాజశ్రీ పిటిషన్ ఫారం గారి దివ్యసముఖానికి

అయ్యా,

అమెరికాలో అధ్యక్ష ఎన్నికలు వచ్చినప్పుడల్లా టీవీ పెద్దలది ఒకటే పాట: "మూడో పార్టీకి జనం ఓట్లెయ్యరండీ!" ఘనతంతా జనానికి కట్టబెట్టి తమరి పేరు మాటవరసకైనా ఎత్తకపోవడం చూస్తే మాకు ప్రాణం చివుక్కుమంటుంది. నవంబరులో జనం చేసేది ఏముంది? ఆగస్టు దాటేసరికి తమరే పని పూర్తి చేసేసి ఉంటారు. అందుకే ఈ అభినందన లేఖ.

తమరిని ఎరగని మా తెలుగు పాఠకుల కోసం రెండు ముక్కలు. అమెరికా అధ్యక్ష ఎన్నిక పేరుకు ఒక్కటే గానీ బ్యాలెట్లు మాత్రం యాభై రాష్ట్రాలవి, వాషింగ్టన్ డీసీతో కలిపి 51. దేనికి దానికి వేరే చట్టం, వేరే గడువు, వేరే ఫారం. రిపబ్లికన్, డెమొక్రాట్ అభ్యర్థుల పేర్లు పార్టీ మహాసభ అవ్వగానే వాటంతట అవే అచ్చులోకి ఎక్కుతాయి. మూడోవాడు మాత్రం తమరి గళ్లలో ఓటర్ల సంతకాలు పోగుచేసుకుని 51 గుమ్మాలు ఎక్కాలి.

తమరి వంశంలో దయగలవాళ్లు లేకపోలేదు. టెన్నెసీ వారు 275 సంతకాలతో సరిపెట్టుకుంటారు, ఒక అపార్ట్‌మెంట్ కాంప్లెక్సులో శనివారం మధ్యాహ్నం కూర్చుంటే అయిపోతుంది. కాలిఫోర్నియా వారు ఇండిపెండెంటును 2024లో అడిగింది 2,19,403. దేశం ఒకటే, పదవి ఒకటే.

టెక్సస్ శాఖ వారి పనితనం దగ్గరుండి చూడాల్సిందే. 2024లో ఇండిపెండెంటుకు కావలసినవి 1,13,151 సంతకాలు. 2020లో అక్కడ అధ్యక్షుడికి పోలైన ఓట్లలో ఒక శాతం అన్నమాట. సంతకాలు మొదలుపెట్టాల్సింది మార్చి మొదటివారంలో ప్రైమరీ, అంటే పెద్ద పార్టీలు తమ అభ్యర్థిని తేల్చుకునే ఎన్నిక, ముగిశాక, ఇవ్వాల్సింది మే 13కల్లా. పది వారాలు కూడా నిండవు. పైగా ఆ ప్రైమరీలో ఓటేసినవాడు సంతకానికి పనికిరాడు. సిటిజన్‌షిప్ చేతికి రాగానే మురిసిపోయి మార్చిలో ఓటేసొచ్చిన డాలస్ తెలుగాయన ఆ ఏడాది తమరికి అంటరానివాడే. గ్రీన్‌కార్డు మీదున్న బావమరిది ఎటూ కాడు. ఇక పనికొచ్చేవాడు దొరికాడే అనుకోండి, సంతకానికి ముందు ఫారం మీది హామీ వాక్యాలను అతనికి వేలు పెట్టి చూపించి చదివి వినిపించాలని చట్టం. కిరాణా కొట్టు బయట, ఎండలో, పాల క్యాను పట్టుకుని నిలబడ్డవాడికి! తర్వాత పేరు పొడి అక్షరాల్లో, చిరునామా, కౌంటీ (మన జిల్లా లాంటిది), పుట్టినతేదీ గానీ ఓటరు నంబరు గానీ, సంతకం పెట్టిన తేదీ. చివర్న సంతకాలు సేకరించినవాడి అఫిడవిట్టు, దానికి నోటరీ ముద్ర. ఇల్లు మారి ఓటరు జాబితాలో మార్చుకోనివాడి సంతకం పోతుంది, గిలికితే పోతుంది, ఉత్సాహం ఎక్కువై రెండుసార్లు పెడితే ఒకటి పోతుంది. అందుకే ఈ విద్య తెలిసినవాళ్లు అడిగిన సంఖ్యకు ఒకటిన్నర రెట్లు తెచ్చుకుంటారు. ప్రచారానికి దాచిన డబ్బు ప్రచారం మొదలవకముందే సంతకాల కూలికి చెల్లు.

మా పక్క లోక్‌సభకు ఇండిపెండెంటుగా నిలబడాలంటే పదిమంది ప్రతిపాదకులు, పాతికవేల డిపాజిట్ చాలు. 2019లో నిజామాబాద్ పసుపు, ఎర్రజొన్న రైతులు ఒళ్లుమండి నామినేషన్లు వేస్తే బరిలో 185 మంది తేలారు. డిపాజిట్లు పోయినా పేర్లన్నీ యంత్రం మీదికి ఎక్కాయి. అలాంటి చోటినుంచి వచ్చినవాళ్లకు తమరి గొప్పతనం ఒకపట్టాన తలకెక్కదు లెండి.

సంతకాలు సరిపోతే గండం గడిచినట్టే అనుకునే అమాయకులకు తమరు చెప్పిన పాఠాలు ఒకటా రెండా? 2024లో నెవాడాలో గ్రీన్ పార్టీ అనే చిన్న పార్టీవారు బుద్ధిగా ప్రభుత్వ కార్యాలయాన్నే అడిగి నమూనా ఫారం తెప్పించుకున్నారు. అక్కడి ఉద్యోగి పంపింది వేరే రకం పిటిషన్‌ది. సంతకాలు పెట్టినవాళ్లు ఆ కౌంటీ ఓటర్లేనని సేకరించినవాడు ప్రమాణం చేసే వాక్యం అందులో లేదు. తప్పు కార్యాలయానిదేనని ఎవరూ కాదనలేదు. అయినా రాష్ట్ర సుప్రీంకోర్టు 5-2తో పార్టీనే బ్యాలెట్ నుంచి తీసేసింది. గుమాస్తా పొరపాటుకు అభ్యర్థిత్వం పోవడం! ఇంత నిష్పాక్షికత ఇంకెక్కడ దొరుకుతుంది?

అదే నెవాడాలో అదే ఏడాది ఇండిపెండెంటుగా దిగిన రాబర్ట్ కెనెడీ జూనియర్ గారి సంతకాలకు వచ్చిన తంటా ఇంకోటి: ఫారం మీద ఉపాధ్యక్ష అభ్యర్థి పేరు లేదు. చాలా రాష్ట్రాల్లో సంతకాలకు ముందే ఆ పేరు ఉండాలి. పెద్ద పార్టీలు జులైలో, ఆగస్టులో తీరిగ్గా ప్రకటించుకునే పేరును ఆయన మార్చిలోనే ప్రకటించాల్సి వచ్చింది, నెవాడాలో సంతకాలు మళ్లీ మొదటినుంచి ఎత్తుకోవాల్సి వచ్చింది. న్యూయార్క్‌లో ఆరు వారాల్లో 45,000 కావాలి. అవి తెచ్చాడు. అప్పుడు చిరునామా పట్టుకున్నారు. ఫారం మీద రాసింది న్యూయార్క్ రాష్ట్రంలో అద్దెకున్న గది, మనిషి ఉండేది కాలిఫోర్నియాలో. అది ఉత్తుత్తి చిరునామా అని జడ్జి తేల్చారు, పేరు ఎగిరిపోయింది. పోనీ కాలిఫోర్నియా అనే రాసుంటే? ఉపాధ్యక్ష అభ్యర్థిదీ ఆ రాష్ట్రమే. అధ్యక్షుణ్ణి చివరికి ఎన్నుకునేది రాష్ట్రాల తరఫున ఓటేసే ఎలక్టర్లు; వాళ్లు అధ్యక్ష, ఉపాధ్యక్ష ఓట్లు రెండూ తమ రాష్ట్రంవాళ్లకే వేయకూడదని రాజ్యాంగం, కాలిఫోర్నియాకేమో 54 ఎలక్టోరల్ ఓట్లు. ఇటు గొయ్యి, అటు నుయ్యి. రెంటికీ కొలతలు తీసినవారు మాత్రం వేర్వేరు శతాబ్దాలవాళ్లు.

విస్కాన్సిన్ సంగతి సరేసరి. 2020లో గ్రీన్ పార్టీ ఉపాధ్యక్ష అభ్యర్థి మధ్యలో ఇల్లు మారితే కొన్ని కాగితాల మీద పాత చిరునామా, కొన్నింటి మీద కొత్తది. దానిమీద తగువు రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా పోయి, పేరు అచ్చుకాకుండానే ఎన్నిక అయిపోయింది. అదే ఏడాది ర్యాప్ గాయకుడు కాన్యే వెస్ట్ కాగితాలు సాయంత్రం 5 గంటల గడువు దాటి కొన్ని సెకన్లకు అందాయని తిరక్కొట్టారు. అయిదు అంటే అయిదూ సున్నా సున్నానా, అయిదు నిమిషం ముగిసేదాకానా అని లాయర్లు వాదించుకున్నారు. పెన్సిల్వేనియాలో గ్రీన్ పార్టీవారు డమ్మీగా వేసిన అభ్యర్థి అఫిడవిట్టు జతపరచడం సరిగ్గా లేదు కాబట్టి అసలు అభ్యర్థే చెల్లడన్నారు. డమ్మీ దెబ్బకు అసలుకే ఎసరు!

మరి ఇవన్నీ దాటినవాళ్ల మాటేమిటి? వాళ్ల కోసం తమరి బంధువర్గం ఉంది కదా.

మీ బాబాయి పదిహేను శాతం గారున్నారు. రెండు పార్టీల అధ్యక్షులూ కలిసి 1987లో అధ్యక్ష అభ్యర్థుల టీవీ డిబేట్ల కమిషన్ పెట్టుకున్నారు. అది 2000 నుంచి జాతీయ సర్వేల్లో 15 శాతం చూపిస్తేనే వేదిక ఎక్కనిచ్చేది. నాటినుంచి మూడోవాడు ఎక్కింది లేదు. 1992లో ఈ నిబంధన లేదు. డిబేట్ల ముందు సర్వేల్లో పది శాతం కూడా లేని ఇండిపెండెంటు రాస్ పెరోను రానిచ్చారు, ఆయన దాదాపు 19 శాతం ఓట్లు పట్టుకుపోయాడు. ఆ తప్పు మళ్లీ జరగలేదు. 2024లో కమిషన్‌ను పక్కనబెట్టి సీఎన్ఎన్ డిబేట్ నడిపినా, బాబాయిగారి 15 శాతాన్ని నాలుగు సర్వేల్లో అలాగే ఉంచి, మీదనుంచి గెలుపుకు కావలసిన 270 ఎలక్టోరల్ ఓట్లకు సరిపడా రాష్ట్రాల్లో పేరుండాలని తమరి సిఫారసు కూడా అడిగారు. టీవీలో కనబడితే సంతకాలు వస్తాయి, సంతకాలుంటే టీవీలో కనబడతాడు. గుడ్డూ పిల్లా సంగతి వాళ్లే తేల్చుకుంటారు లెండి.

తాతగారు ఎలక్టోరల్ కాలేజీ, అంటే ఆ ఎలక్టర్లందరి బృందం, ముందు అందరం మోకరిల్లాల్సిందే. 48 రాష్ట్రాల్లోనూ డీసీలోనూ మొదటివాడికి ఎలక్టోరల్ ఓట్లు మొత్తం, రెండోవాడికి సున్నా. మెయిన్, నెబ్రాస్కా మాత్రం కొంత జిల్లాలవారీగా పంచుతాయి. దాంతో 1992లో పెరోకు వచ్చిన 1.97 కోట్ల ఓట్లకు దక్కిన ఎలక్టోరల్ ఓట్లు సున్నా. మెయిన్‌లో బుష్‌ను, యూటాలో క్లింటన్‌ను దాటి రెండో స్థానంలోకి వచ్చినా సున్నాయే. 1972లో లిబర్టేరియన్ అనే చిన్న పార్టీ అభ్యర్థి జాన్ హాస్పర్స్‌కు దేశం మొత్తం మీద నాలుగు వేల ఓట్లు కూడా రాలేదు. వర్జీనియాలో ఒక రిపబ్లికన్ ఎలక్టరు మనసు మార్చుకుని ఆయనకు వేశాడు కాబట్టి ఒకటి దక్కింది. 2016లో ఫెయిత్ స్పాటెడ్ ఈగిల్ అసలు పోటీయే చెయ్యలేదు, వాషింగ్టన్ రాష్ట్రం ఎలక్టరు ఒకరు ఆమెకు వేశారు. కాబట్టి తాతగారి లెక్కలో పెరో కంటే ఆమె ఒక ఓటు ముందుంది.

ఇందులో మెళకువ ఒకటుంది. 1948లో స్ట్రామ్ థర్మండ్, హెన్రీ వాలెస్ ఇద్దరికీ దేశవ్యాప్తంగా చెరో 11 లక్షల పైచిలుకు ఓట్లు, చెరో 2.4 శాతం. థర్మండ్‌కు 39 ఎలక్టోరల్ ఓట్లు, వాలెస్‌కు గుండుసున్నా. ఒకాయన ఓట్లు దక్షిణాదిన కుప్పగా పడ్డాయి, రెండో ఆయనవి దేశమంతా పల్చగా చల్లినట్టు పడ్డాయి. 1968లో జార్జ్ వాలెస్ కూడా జాతివివక్ష నిండిన ఆ దక్షిణాది కోపాన్నే అయిదు రాష్ట్రాల్లో ఓట్లుగా మార్చుకున్నాడు. రాష్ట్రాలు గెలిచి ఎలక్టోరల్ ఓట్లు తెచ్చుకున్న మూడో పార్టీ ఆయనతోనే ఆఖరు. అంటే దేశమంతా అభిమానించే సజ్జనుడికి ఇక్కడ చోటు లేదు, ఒక మూల మంట పెట్టగలవాడికుంది. మాజీ అధ్యక్షుడై ఉండి 1912లో పోటీచేసిన థియొడోర్ రూజ్‌వెల్ట్‌కే 27 శాతం ఓట్లకు దక్కింది 88. ఆయన దెబ్బకు ఆయన పాత పార్టీ రిపబ్లికన్ల అభ్యర్థి టాఫ్ట్ మూడో స్థానానికి పోయాడు, విల్సన్ 435తో ఊరేగాడు.

సరే, ఎవరికీ సగం దాటలేదే అనుకుందాం, అప్పుడు మూడోవాడు చక్రం తిప్పడా? ఆ ఆశకూ తాతగారు మందు వేసి ఉంచారు. అప్పుడు ఎన్నుకునేది ప్రతినిధుల సభ, రాష్ట్రానికి ఒక ఓటు, 26 వస్తే గెలుపు. ఆ సభలో కూర్చున్నది ఎవరు? ఆ రెండు పార్టీలవాళ్లే. 1824లో జాక్సన్‌కు 99, ఆడమ్స్‌కు 84 వస్తే సభ ఆడమ్స్‌ను కూర్చోబెట్టింది.

ఓట్లు చీల్చే విద్యలో మాత్రం మూడోవాడికి ఉద్యోగం గ్యారంటీ. 2000లో ఫ్లోరిడాలో బుష్ ఆధిక్యం 537, గ్రీన్ పార్టీ అభ్యర్థి రాల్ఫ్ నేడర్‌కు పడినవి 97,488. నాటినుంచి నేడర్ పేరు చెబితే డెమొక్రాట్లు పళ్లు నూరుతారు. 2004లో మిషిగన్‌లో అదే నేడర్ కోసం సంతకాలు మోసుకొచ్చింది ఎక్కువగా రిపబ్లికన్లే. తమరి గడప దగ్గర మూడోవాడికి ఎంత కష్టమో వాళ్లకు తెలుసు, పాపం సాయం పట్టారు.

తప్పంతా తమరిదేనని అంటే మాకే పాపం. నగర మేయరుకు, రాష్ట్ర శాసనసభకు పోటీచేసి మెట్టు మెట్టుగా ఎక్కుదామన్న ఓపిక ఈ పార్టీలకూ తక్కువే. నాలుగేళ్లకోసారి పైమెట్టు మీదికే దూకుతారు. వేసవి సర్వేలు చూసి మురుస్తారు. 1980లో ఇండిపెండెంటు జాన్ ఆండర్సన్ సర్వేల్లో ఇరవై శాతం పైన తిరిగి 6.6 దగ్గర ఆగాడు. 1992 జూన్‌లో పెరో ఒక సర్వేలో 39 శాతంతో ఇద్దరికంటే ముందున్నాడు. జులైలో తప్పుకుని అక్టోబరులో మళ్లీ వచ్చాడు. అలా గాలి తీసేసుకోవడానికి తమరి సాయం అక్కర్లేదు. 5 శాతం దాటితే వచ్చేసారికి ప్రభుత్వ నిధులు వస్తాయి. పెరో పుణ్యమా అని 2000లో ఆయన పెట్టిన రిఫార్మ్ పార్టీకి 1.26 కోట్ల డాలర్లు ముట్టాయి, అవి తీసుకున్న ప్యాట్ బుకానన్ తెచ్చింది 0.4 శాతం.

ఓటర్లు మాత్రం తక్కువ తిన్నారా? ఇష్టమైనవాళ్లకు ఒకటి, రెండు, మూడు అని వరుస నంబర్లు ఇచ్చే పద్ధతి ఉంటే ఓటు చీలే భయం తగ్గుతుంది. మెయిన్‌లోనూ అలాస్కాలోనూ అధ్యక్ష ఎన్నికకు అది ఉంది. 2024లో ఒరెగాన్, కొలరాడో, ఐడహో, నెవాడా ఓటర్లు వద్దుపొమ్మన్నారు. అలాస్కాలో దాన్ని తీసేయాలన్న ప్రతిపాదన వెయ్యి లోపు ఓట్ల తేడాతో వీగిపోయింది. న్యూయార్క్ చట్టసభ 2020లో సంతకాలను పదిహేను వేలనుంచి 45 వేలకు పెంచింది, పార్టీ గుర్తింపు నిలబెట్టుకునే గీతనూ పైకి జరిపింది. 2024లో ఆ రాష్ట్రం అధ్యక్ష బ్యాలెట్ మీద అచ్చయినవి ఇద్దరి పేర్లే. తమరి వంశంలో ఇంత శుభ్రమైన పని ఇంకెవరు చేశారు?

ఇట్లు,
తమరి గళ్లలో పేరు పొడి అక్షరాల్లో రాసుకునే
ఒక విధేయుడు

తా.క.: ఒక్క సందేహం మిగిలింది. 2024 ఆగస్టులో కెనెడీ గారు పోటీ ఆపేసి, ట్రంప్‌కు మద్దతు ప్రకటించి, తన పేరు తీసేయమని విస్కాన్సిన్‌లో కోర్టుల చుట్టూ తిరిగారు. ఒకసారి కాగితాలు ఆమోదం పొందాక అభ్యర్థి చనిపోతే తప్ప పేరు తీసేది లేదని తమరి శాఖవారు ఖరాఖండిగా చెప్పారు. ఉండాలన్నచోట తీసేసి, వద్దన్నచోట అచ్చువేశారు, వేలమంది ఓటూ వేశారు. మరి ఆ ఓట్లు ఎవరివి, ఎవరు చీల్చినట్టు? అడగడానికి ఏమైనా ఫారం ఉంటే పంపగలరు.