జ్ఞాని పోపుల డబ్బాలో దొరికితే భక్తి పోయినట్టేనా?

డిసెంబరు వచ్చిందంటే ఒక మెసేజ్ మా పలాస వైపు ఫోన్లన్నీ చుట్టేస్తుంది. ఈసారి మా పెదనాన్న ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు. అందులో ఉన్నది ఇది: క్రిస్మస్ తేదీ బైబిల్లో లేదు, చెట్టు పెట్టడాన్ని యిర్మీయా ప్రవక్త ఎప్పుడో ఖండించాడు, ఇంట్లో ఆటలు ఆడించడం దేవుణ్ణి వేళాకోళం చేయడమే, పైగా డబ్బు దండగ, నిజమైన విశ్వాసి ఆ రోజు మోకాళ్ల మీద ఉంటాడు. పదిమందికి పంపమని కూడా ఉంది. పెదనాన్న అంతకు మించే పంపారు.

తేదీ సంగతి ఒప్పేసుకుంటాను. యేసు పుట్టుక కథ చెప్పిన మత్తయి, లూకా ఇద్దరూ రాయలేదు. మా మామ్మ పుట్టిన తేదీ కూడా ఎవరికీ తెలియదు, ఆధార్‌లో జనవరి 1 అని పడింది. ఏటా ఆ రోజే కేక్ కోస్తాం. అంతమాత్రాన మామ్మ పుట్టలేదని ఎవరూ అనలేదు. రోమా పత్రిక 14వ అధ్యాయంలో పౌలు, ఒకరు ఒక దినాన్ని గొప్పగా ఎంచుతారు, ఇంకొకరికి అన్నీ సమానం, ఎవరి మనసులో వారు స్థిరపడండి అంటాడు. పండగ చేసుకోనివాళ్లు మా దగ్గరా ఉన్నారు. వాళ్లతో నాకు పేచీ లేదు. చేసుకునేవాళ్లను పాపులనడంతోనే పేచీ.

చెట్టు గురించి మెసేజ్‌లో యిర్మీయా 10వ అధ్యాయం 3, 4 వచనాలే ఉన్నాయి. ఐదోది కూడా చదవాలి. అది మాట్లాడదు, నడవదు, ఎవరో మోయాలి, దానికి భయపడకండి అంటాడు. చెక్కి, వెండి బంగారాలు తొడిగిన ప్రతిమ సంగతి అది. జర్మన్ ఇళ్లలో అలంకరించిన చెట్టు కనబడేది అంతకు రెండు వేల ఏళ్ల తర్వాత, 16వ శతాబ్దంలో. మేం పెట్టేది సరుగుడు కొమ్మ. దానికి మొక్కినవాళ్లు లేరు. పండగయ్యాక నీళ్ల పొయ్యి కిందకి పోతుంది.

ఇక ఆటలు. ఒకటో తారీఖున పశువుల పాక పెట్టి, అందులో తొట్టిని ఖాళీగా ఉంచుతాం. పిల్లలు ఎవరూ చెప్పకుండా ఒక మంచి పని చేస్తే తొట్టిలో ఒక గడ్డిపోచ వేయాలి. 24 రాత్రికి బాలయేసుకు పరుపు సిద్ధమవ్వాలి. చివరి రెండు రోజులూ గడ్డి చాలదేమోనని వాళ్లకు ఒకటే టెన్షన్. అప్పుడు మామ్మ కాళ్లు నొక్కడానికి పోటీ పడతారు! బాలయేసును చూడటానికి తూర్పు నుంచి వచ్చిన జ్ఞానుల బొమ్మలు మాత్రం పాకలో ఉండవు. వంటిల్లు ఆగ్నేయం కాబట్టి తూర్పు అదేనని పిల్లల తీర్మానం. బియ్యం డబ్బా మీద నుంచి బయలుదేరి రోజుకో జానెడు నడుస్తారు. "ఏటర్రా, ఎందాకా వచ్చారు?" అని మామ్మ పొద్దున్నే అడుగుతుంది. ఒకసారి ఒక జ్ఞాని మాయమయ్యాడు. ఇల్లంతా వెతికితే పోపుల డబ్బాలో జీలకర్ర మధ్య దొరికాడు. "హేరోదుని దారి అడగడానికి వెళ్లాడు" అన్నాడు మా ఆరేళ్లవాడు. జ్ఞానులు హేరోదు రాజు దగ్గరికి వెళ్లే మత్తయి రెండో అధ్యాయం వాడికి నేర్పింది ఆ ఆటే. జ్ఞానులు ముగ్గురని బైబిల్లో లేదనీ, వాళ్లు వచ్చేసరికి బిడ్డ ఉన్నది ఒక ఇంట్లోననీ పట్టుకున్నది మా పెద్దమ్మాయి. అందుకే మా ఇంట్లో ఆ జ్ఞానులు, వాళ్ల రాకను తలుచుకునే పండగ రోజైన జనవరి 6కి గానీ చేరరు.

ఇది వేళాకోళమైతే క్రైస్తవ సన్యాసి అస్సీసీ ఫ్రాన్సిస్‌నీ తప్పుపట్టాలి. 1223లో ఇటలీలోని గ్రేచో అనే ఊళ్లో ఆయన తొట్టి పెట్టించి, ఎండుగడ్డి వేయించి, ఎద్దునీ గాడిదనీ తెప్పించి క్రిస్మస్ ఆరాధన జరిపించాడు. భక్తిలో ఆయనకు వంక పెట్టేవాళ్లు తక్కువ. పండగను ఆపాలని చూసినవాళ్లూ లేకపోలేదు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1659లో క్రిస్మస్ చేసుకుంటే ఐదు షిల్లింగుల జరిమానా పెట్టారు. 1681లో తీసేశారు.

దండగ అన్న మాటలో కొంత నిజముంది. అప్పు చేసి బట్టలు కొనడం, ఎవరి స్టార్ పెద్దదని పోటీపడటం నాకూ నచ్చవు. కానీ నెహెమ్యా 8వ అధ్యాయంలో తీపి తినమనీ, ఏమీ లేనివాళ్లకు వంతులు పంపమనీ కూడా ఉంది. మా వెదురుబద్దల స్టార్ నాలుగేళ్లుగా అదే, రంగు కాగితమే మారుతుంది.

చివరికి మోకాళ్లు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. మావీ పోయాయి. ఆ రెండు నెలలూ మోకాళ్ల మీద చాలాసేపే ఉన్నాం, ఏడుస్తూ ఉన్నాం. ఈ ఏడు పండగ వద్దని నేనే అన్నాను. మామ్మ వినలేదు. పడిపోయిన చెట్ల కమ్మలతోనే పాక అల్లించింది. ఏటా పండగకు చేసే పాకుండల్లో ఒకదాంట్లో మామ్మ గుండు జీడిపప్పు దాస్తుంది, అది దొరికినవాళ్లు లూకా రెండో అధ్యాయం చదవాలి. ఆ ఏడాది మా తోట పప్పు లేదు, కొట్లో కొని మరీ దాచింది. పెదనాన్నా, అది మీకే దొరికింది. 'మహా సంతోషకరమైన' అన్న మాట దగ్గర మీ గొంతు పూడుకుపోతే, మిగతాది మా పెద్దమ్మాయి చదివింది.