ఆ కమిలిన భుజం ఫొటోకి లైకులు కొట్టకండి

పొద్దున్నే ఫోన్ తెరిస్తే అదే ఫొటో. మన కాకినాడ వైపు ఎన్‌సీసీ కుర్రాడు, ఎస్‌ఎల్‌ఆర్ అనే సైనిక రైఫిల్‌తో ఫైరింగ్ అయ్యాక కుడి భుజం నల్లగా కమిలిపోయి ఉంది. కింద మెచ్చుకోళ్ళు. "మగాడంటే ఇదీ" అని ఒకరు, "ఓర్చుకో తమ్ముడూ, అదే అలవాటవుద్ది" అని కుర్రాళ్ళకి ట్రైనింగిచ్చే పెద్దమనిషి. ఒళ్ళు మండిపోతోందండీ. నేర్పాల్సిన మనిషే ఓర్చుకోమంటే ఇంక నేర్పేదెవరు?

ఎస్‌ఎల్‌ఆర్ తన్నుతుంది, కాదనను. అందులో పేలేది 7.62 మిల్లీమీటర్ల రౌండ్, అంటే పెద్ద తూటా. 9.5 గ్రాముల బుల్లెట్ సెకనుకి 840 మీటర్ల వేగంతో ముందుకి పోతే, దాని వెనకే మందు గ్యాస్ ఎగదన్నితే, 4.5 కిలోల రైఫిల్ వెనక్కి రాక ఏం చేస్తుంది? వెనక్కొచ్చే ఆ దెబ్బ శక్తి లెక్క కడితే సుమారు 15 జౌల్స్. ఇన్సాస్ అనే ఇంకో సైనిక రైఫిల్‌లో బుల్లెట్ 4 గ్రాములే కాబట్టి అందులో మూడో వంతు కూడా ఉండదు. కానీ ఆ 15 జౌల్స్‌కే భుజం కమలక్కర్లేదు. కమిలిందంటే బట్, అంటే రైఫిల్ వెనక కొస, తప్పు చోట ఆనింది, లేదా బట్‌కీ భుజానికీ మధ్య సందుంది. సందుంటే రైఫిల్ ముందు వేగం పుంజుకుని, ఆ తర్వాత వచ్చి గుద్దుతుంది. సందు లేకపోతే ఒంటి బరువంతా రైఫిల్‌తో కలిసి కదులుతుంది, అప్పుడది గుద్దు కాదు, తోపు.

బట్ ఆనాల్సింది జబ్బ కండ మీదా కాదు, మెడ కింద అడ్డంగా ఉండే కాలర్ బోన్ మీదా కాదు. ఆ రెంటికీ మధ్య గుంటలో. కుడి చెయ్యి పిస్టల్ గ్రిప్ పట్టుకుని రైఫిల్‌ని భుజంలోకి లాగి ఉంచాలి, చెంప బట్‌కి ఆనే ఉండాలి. బోర్లా పడుకున్నప్పుడు ఒళ్ళు రైఫిల్ వెనకే ఉండాలి. ఏటవాలుగా పడుకుంటే దెబ్బ ఒక పక్క భుజాన్నే తిప్పేస్తుంది, బారెల్ పక్కకి ఎగురుతుంది, రెండో రౌండ్‌కి గురి మళ్ళీ మొదట్నుంచి వెతుక్కోవాలి. నిలబడితే ఎడమ కాలు ముందుకి, ఒంటి బరువు దాని మీదకి. వెనక్కి వాలి నిలబడ్డవాణ్ణి రైఫిల్ ఇంకా వెనక్కి తోస్తుంది.

ఇంకొకటి ఎవరూ చెప్పరు, గ్యాస్ రెగ్యులేటర్. ఎస్‌ఎల్‌ఆర్‌లో పేలిన మందు గ్యాసే పిస్టన్‌ని నెట్టి, ఖాళీ కేసుని బయటికి తోసి, తర్వాతి రౌండ్ ఎక్కిస్తుంది. ఆ పిస్టన్ మీదకి పోయే గ్యాస్‌లో కొంత బయటికి వదిలేసేది రెగ్యులేటర్. దాన్ని బిగించేకొద్దీ పిస్టన్‌కి గ్యాస్ ఎక్కువ, ఛాంబర్‌ని వెనక నుంచి మూసే బ్రీచ్ బ్లాక్ వెనక్కొచ్చి గట్టిగా కొట్టుకుంటుంది, భుజానికి రెండో దెబ్బ. రైఫిల్ మసిపట్టి బద్ధకించినప్పుడు ఎవరో రెగ్యులేటర్ రెండు మెట్లు బిగిస్తారు. తర్వాత గ్యాస్ సిలిండర్, పిస్టన్ శుభ్రం చేస్తారు, రెగ్యులేటర్ మాత్రం అలాగే వదిలేస్తారు. మర్నాటి నుంచి ఆ రైఫిల్ గాడిదలా తన్నుతుంది. శుభ్రం చేశాక రెగ్యులేటర్ పూర్తిగా వదులు చేసి, ఒక్కో మెట్టు బిగిస్తూ పేల్చి చూడాలి. ఖాళీ కేసు సరిగ్గా బయటపడి, తర్వాతి రౌండ్ తడబడకుండా ఛాంబర్‌లోకి ఎక్కిన చోటు నుంచి ఒకటి రెండు మెట్లు ఎక్కువ ఉంచితే చాలు. మరీ వదులైతే కేసు ఇరుక్కుంటుంది. అది ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్ పని, క్యాడెట్ పని కాదు. ఆర్మరర్‌ని అడగాల్సింది మాత్రం నేర్పేవాళ్ళే.

"ముందు మజిల్ బ్రేక్ బిగిస్తే సరి" అని ఇంకొకాయన కామెంట్. అంటే తన్ను తగ్గించడానికి బారెల్ కొసకి బిగించే తొడుగు. సర్కారు రైఫిల్‌కి ఇంట్లోంచి తెచ్చి బిగిస్తారా? పైగా బ్రేక్ గ్యాస్‌ని పక్కకి మళ్ళిస్తుంది, వరసలో పక్కన పడుకున్నవాడి చెవులు పగిలిపోతాయి.

చెవులంటే గుర్తొచ్చింది, అసలు భయం సగం చప్పుడుదే. 150 డెసిబెల్స్ దాటిన మోతకి కళ్ళు మూసుకుని, ట్రిగ్గర్ గుంజేసి, తూటాని కిందకి కొట్టేస్తారు. ఇయర్ ప్లగ్స్ పెట్టించండి. మ్యాగజైన్‌లో మధ్యమధ్య డ్రిల్ రౌండ్లు, అంటే పేలని ఉత్తుత్తి తూటాలు, కుర్రాడికి చెప్పకుండా, ఇంకొకరు కలిపి ఇవ్వండి. పేలని రౌండ్ దగ్గర బారెల్ ఊగిందంటే జబ్బు కనపడిపోయినట్టే. ఫీజు గుంజి, కాలవ గట్ల మీద తెల్లారగట్ల పరుగులు పెట్టించే కోచింగుల్లో ఎంతమంది ఆ చవక ప్లగ్స్ కొనిపెడుతున్నారు?

ఇక ఆడపిల్లల సంగతి. "తుపాకీ నిన్ను ఎగరేసి కాలవలో పడేస్తుంది" అని నవ్వుతారు. చేతులు పొట్టిగా ఉన్న పిల్లకి పొడుగు బట్ ఇచ్చేసి, బట్ గుంటలో ఆనక జబ్బ మీదకి జారుతుంటే, భయమంటారు. ఆ రైఫిల్‌కి పొట్టి బట్ దొరికితే పెట్టించండి. దొరక్కపోతే ఎడమ చెయ్యి కాస్త వెనక్కి పట్టుకోనివ్వండి, భుజం కొంచెం ముందుకి తెమ్మనండి, ఆ తర్వాత టార్గెట్ చూసి మాట్లాడండి.