గాడ్జిల్లాను ఆపింది ఎవరు?

నేను గుంటూరులో పదో తరగతి అయ్యాక, 1998లో అమెరికా వాళ్ళు తీసిన గాడ్జిల్లా సినిమా వచ్చింది. స్నేహితులతో కలిసి రెండుసార్లు చూశాను. న్యూయార్క్‌లో కుండపోత వాన, భవనాల మధ్య పరుగెత్తే పెద్ద బల్లి, స్టేడియం నిండా గుడ్లు, చివరికి అది వంతెన తీగల్లో ఇరుక్కుని క్షిపణులు తగిలి చచ్చిపోవడం. గాడ్జిల్లా అంటే అదేననుకుని పాతికేళ్ళు గడిపేశాను.

జపాన్ వాళ్ళు దాన్ని లెక్కలోకే తీసుకోలేదని తర్వాత తెలిసింది. అసలు గాడ్జిల్లా సొంతదారులైన తోహో కంపెనీ ఆ బల్లి పేరులోంచి 'గాడ్' తీసేసి ఒట్టి 'జిల్లా' అని పెట్టింది. మన గుంటూరు జిల్లాలాగా. అక్కడితో ఆగారా? 2004లో తీసిన సినిమాలో ఆ జిల్లాని సిడ్నీకి తీసుకొచ్చి, అసలు గాడ్జిల్లా చేత తోకతో ఒక్కటి కొట్టించి, ఆపెరా హౌస్ మీద పడేసి కాల్పించారు. పట్టుమని అర నిమిషం కూడా పట్టదు. మావాడు ఆ ముక్క ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశాడో లెక్కలేదు.

వాడికి అప్పుడు పన్నెండేళ్ళు. 2023 డిసెంబరులో ఇద్దరం 'గాడ్జిల్లా మైనస్ వన్'కి వెళ్ళాం. ఇంటికి రాగానే, ముందువన్నీ చూడాల్సిందేనని పట్టుబట్టాడు. యానిమేషన్‌వి, హాలీవుడ్‌వి పక్కన పెడితే జపాన్ వాళ్ళు తీసినవి 'మైనస్ వన్'తో కలిపి 30. శనివారానికి ఒకటి చొప్పున ఏడాదిలో ఎక్కువ భాగం దీనికే పోయింది. మా ఆవిడ మమ్మల్ని ఎప్పుడో వదిలేసింది.

ఈ 30 సినిమాలని అభిమానులు జపాన్ చక్రవర్తుల కాలాల పేర్లతో విడగొడతారు. షోవా, హేసె, తర్వాత మిలీనియం, ఇప్పుడు రేవా. ఈ లెక్కలో కొంచెం తిరకాసుంది. 1984 సినిమా షోవా చక్రవర్తి ఉండగానే వచ్చినా దాన్ని హేసెలో వేస్తారు. 2016 నాటిది హేసెలో వచ్చినా రేవాలో వేస్తారు. మిలీనియం అనే చక్రవర్తి ఎవరూ లేరు. పంచాంగం కంటే అభిమానుల మాటే చెల్లుతుంది.

ఏ కాలం గొప్పదన్న వాదన మొదలైతే అందరూ గాడ్జిల్లానే కొలుస్తారు. ఎత్తెంత, ముఖం ఎలా ఉంది, నోట్లోంచి వచ్చే మంట ఏ రంగు. కొలవడానికి ఉన్నమాట నిజమే. 1954లో అది 50 మీటర్లు, ఎందుకంటే అప్పట్లో టోక్యోలో 31 మీటర్లు దాటి భవనాలు కట్టనిచ్చేవారు కాదు. ఆకాశహర్మ్యాలు లేచాక 1984లో 80, తర్వాత 100, 2016లో 118.5. భవనాలతో పాటే ఎదుగుతూ వచ్చింది పాపం. నా కొలత మాత్రం వేరే. దాన్ని ఎవరు ఆపారు, ఎలా ఆపారు, ఆపడానికి ఏం పోగొట్టుకున్నారు? ఆ మూడూ చూస్తే, నా లెక్కలో గొప్ప సినిమాలు రెండే తేలాయి. ఆ రెంటిలో మావాడికి ప్రాణమైన 'మైనస్ వన్' లేదు. మా ఇంట్లో గొడవ అక్కడే.

మొదటిది 1954 నాటి మూల చిత్రం. ఆ ఏడు మార్చి 1న బికినీ దీవుల్లో అమెరికా పేల్చిన హైడ్రోజన్ బాంబు బూడిద ఒక జపాన్ చేపల పడవ మీద పడింది. అందులో 23 మంది. రేడియో ఆపరేటరు సెప్టెంబరులో చనిపోయాడు. నవంబరు 3న సినిమా విడుదలైంది. మొదటి సన్నివేశంలో ఒక సరుకు ఓడ, సముద్రంలోంచి తెల్లటి వెలుగు. హాల్లో కూర్చున్నవాళ్ళకి వేరే వివరణ అక్కర్లేదు. లోకల్ రైల్లో ఒకామె విసుగ్గా అంటుంది: రేడియేషన్ చేపలు, రేడియేషన్ వాన అయ్యాయి, ఇప్పుడు గాడ్జిల్లానా, నాగసాకి నుంచి బతికి బయటపడ్డానే నేను, అని. కూరగాయల ధర పెరిగిందన్నంత మామూలుగా అంటుంది. సినిమా మొత్తంలో నాకు ఒళ్ళు జలదరించింది ఆ మాటకే.

అందులో గాడ్జిల్లా అంటే నకజిమా అనే నటుడు వంద కిలోల రబ్బరు తొడుగులో దూరి, బొమ్మ ఊళ్ళో నడవడమే. కెమెరా వేగం పెంచి తీశారు కాబట్టి అడుగు బరువుగా పడుతుంది. ఆ అరుపు ఏ జంతువుదీ కాదు. సంగీత దర్శకుడు ఇఫుకుబె డబుల్ బాస్ అనే పెద్ద తీగవాద్యం తీగలు వదులు చేయించి, బంక పూసిన తోలు గ్లౌజుతో వాటిని రుద్దించాడు. ఇది తెలిశాక మావాడు నా పాత గిటారు మీద వంటింటి గ్లౌజుతో ప్రయత్నించాడు. గాడ్జిల్లా రాలేదు, తీగ తెగింది.

ఇక ఆపడం. సైన్యం కరెంటు తీగలు కట్టింది, ఫిరంగులు పేల్చింది, ఏదీ పనిచెయ్యలేదు. సెరిజావా అనే ఒంటికన్ను శాస్త్రవేత్త దగ్గర నీళ్ళలో ప్రాణవాయువుని నాశనం చేసే పదార్థం ఉంది. బాంబుకంటే ఘోరమైన ఆయుధం అవుతుందని భయపడి ఎవరికీ ఇవ్వడు. టీవీలో బడిపిల్లలు పాడుతున్న శాంతి ప్రార్థన చూస్తాడు. లేచి, రాసుకున్న కాగితాలన్నీ కాల్చేస్తాడు. అయినా బుర్రలో మిగిలిందే! అందుకని సముద్రం అడుగున పని ముగించి, తన గాలిగొట్టం తనే కోసేసుకుంటాడు. గాడ్జిల్లా చావు చూసి ఎవరికీ సంబరం కలగదు. దర్శకుడు హోండా యుద్ధం నుంచి తిరిగొస్తూ 1946లో హిరోషిమా మీదుగా ప్రయాణించినవాడు. ఆ బరువు సినిమాలో ఉంది.

అక్కడి నుంచి పదేళ్ళలో ఎక్కడికి వచ్చామో చూడండి. 1964 చివర్లో వచ్చిన మూడు తలల రాక్షసి గిడోరా సినిమాలో, దాన్నుంచి భూమిని కాపాడమని మోత్రా అనే రాక్షస గొంగళిపురుగు గాడ్జిల్లాని బతిమాలుతుంది. ఇద్దరు బుల్లి కవల అమ్మాయిలు ఆ రాక్షస భాషని మనకి అనువదించి చెబుతారు. "మనుషులు ఎప్పుడూ మమ్మల్ని ఏడిపిస్తారు, వాళ్ళనెందుకు కాపాడాలి?" అని గాడ్జిల్లా అలిగి కూర్చుంటుంది. ఊరి పంచాయతీలో పాలివాళ్ళ గొడవలాగే ఉంటుంది. చివరికి మనసు మార్చుకుని మన పక్షానికి వస్తుంది. ఇక అప్పటినుంచి దాన్ని ఆపే అవసరం దాదాపు లేకుండా పోయింది. అదే మనల్ని కాపాడుతుంది. టీవీలు ఇళ్ళలోకి వచ్చాయి, డబ్బు తగ్గింది, ప్రేక్షకులు చిన్నపిల్లలయ్యారు. 1973 నాటికి గాడ్జిల్లా తోక మీద జారుకుంటూ వచ్చి రెండు కాళ్ళతో తన్నుతుంది. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది.

అయినా షోవా చివరి సినిమాలని చిన్నపిల్లల గొడవ అని తోసేసేవాళ్ళతో నాకు పేచీ ఉంది. 1971లో వచ్చిన హెడోరా చూడండి. కాలుష్యంలోంచి పుట్టిన బురద రాక్షసి, ఫ్యాక్టరీ పొగగొట్టం నోట్లో పెట్టుకుని హుక్కాలా పీలుస్తుంది. దాన్ని చంపడానికి సైన్యం పెట్టిన కరెంటు ఏర్పాటు సరిగ్గా సమయానికి పాడైతే, గాడ్జిల్లా తన మంటతోనే దాన్ని నడిపిస్తుంది. వెళ్ళిపోయే ముందు ఆగి, మనుషుల వైపు తిరిగి ఒక్క చూపు చూస్తుంది. మా నాన్న ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టి తిరిగి ఇచ్చేటప్పుడు అలా చూసేవాడు.

1969 నాటిది అందరూ అట్టడుగున పడేసే సినిమా. సగం యుద్ధాలు పాత సినిమాల్లోంచి కోసి అతికించినవే. కథ కవాసాకిలో ఇచిరో అనే బడిపిల్లాడిది. పొగగొట్టాల ఊరు, అమ్మా నాన్నా ఇద్దరూ ఉద్యోగాలకి పోతారు, వాడే తాళం తీసుకుని ఖాళీ ఇంట్లోకి వస్తాడు. ఏడిపించే పిల్లల గ్యాంగొకటి. కునుకు తీస్తే రాక్షసుల దీవికి పోతాడు, అక్కడ గాడ్జిల్లా పిల్ల వీడితో మాట్లాడుతుంది, దానికీ వీడికున్న భయాలే. ఆ సినిమాలో ఆపాల్సింది గాడ్జిల్లాని కానే కాదు. నేను ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను. మావాడు మాత్రం మధ్యలో ఒక్కసారి కూడా లేవలేదు.

హేసె కాలం నాకు ఎక్కలేదు. చాలామందికి ఇదే ఇష్టమని తెలుసు. తొడుగు బాగుంటుంది, సంగీతం బాగుంటుంది, 1995లో గాడ్జిల్లా గుండె రియాక్టరులా కరిగిపోతుంటే ఒళ్ళంతా నిప్పు కణికలా మండటం బాగుంటుంది. అయితే ఆపడానికి ఎప్పుడు చూసినా ఒక కొత్త యంత్రమే. సూపర్ ఎక్స్ పోతే సూపర్ ఎక్స్ రెండు, అది పోతే మూడు, మధ్యలో మెకాగాడ్జిల్లా. దేశం దగ్గర డబ్బు దండిగా ఉన్న రోజుల ఆలోచన. 1991 సినిమాలో భవిష్యత్తు నుంచి మనుషులు దిగుతారు. ఎందుకయ్యా అంటే, రాబోయే కాలంలో జపాన్ ప్రపంచాన్ని ఏలేంత పెద్దదైపోయిందట, దాన్ని ముందే తుంచెయ్యాలట! అప్పట్లో జపాన్‌లో భూముల ధరలు చూసినవాళ్ళకి ఇది అంత వింతగా అనిపించి ఉండదు.

అదే సినిమాలో ఒక్క నిమిషం మాత్రం మిగిలినవన్నీ మరిపిస్తుంది. షిండో అనే పెద్ద వ్యాపారవేత్త. యుద్ధంలో ఒక దీవిలో చిక్కుకున్నప్పుడు, ఇంకా గాడ్జిల్లాగా మారని డైనోసార్ అమెరికా సైనికుల మీద పడి, వీళ్ళ దళాన్ని కాపాడింది. ఆ షిండోయే తర్వాత దేశాన్ని వ్యాపారంలో నిలబెట్టాడు. ఇప్పుడు టోక్యోలోని షింజుకులో తన ఆఫీసు కిటికీ ముందు నిలబడ్డాడు. అవతల గాడ్జిల్లా ముఖం. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు, గుర్తుపడతారు. ముసలాయన కళ్ళలో నీళ్ళు. గాడ్జిల్లా కూడా ఒక్క క్షణం ఆగుతుంది. తర్వాత భవనంతో సహా ఆయన్ని కాల్చేస్తుంది.

మిలీనియం కాలం ఆరు సినిమాల గురించి ఎక్కువ చెప్పను. దాదాపు ప్రతిదీ తన ముందుదాన్ని మర్చిపోయి మళ్ళీ మొదలుపెడుతుంది. 2001లో కనెకో తీసింది ఒక్కటీ వేరు. అందులో గాడ్జిల్లా కళ్ళకి నల్లగుడ్లు ఉండవు. యుద్ధంలో చనిపోయినవాళ్ళ ఆత్మలన్నీ దాన్ని ఆవహించాయట. మరి జపాన్ మీదికే ఎందుకొస్తుందని అడిగితే, మనం వాళ్ళని మర్చిపోయాం గనక, అంటాడు ఒక ముసలాయన. పితరులకి పిండం పెట్టకపోతే ఏమవుతుందో మనవాళ్ళకి చెప్పక్కర్లేదు.

నా రెండో గొప్ప సినిమా 2016 నాటి 'షిన్ గాడ్జిల్లా'. అన్నో, హిగుచి కలిసి తీశారు. సగం సినిమా మీటింగులే, అందుకే చాలామందికి బోరు కొట్టింది. సాఫ్ట్‌వేర్‌లో ఆన్‌కాల్ చేసినవాళ్ళకి మాత్రం బోరు కొట్టదని నా హామీ. రాత్రి రెండింటికి సిస్టమ్ పడిపోతుంది, కాల్‌లోకి నలభై మంది చేరతారు, ఇది ఏ టీమ్ పనో తేలడానికే గంట. అచ్చం అదే. ప్రధానమంత్రి టీవీలో, అది ఒడ్డుకి వచ్చే అవకాశమే లేదని హామీ ఇస్తుండగానే చేతికి చీటీ అందుతుంది: టోక్యోలోని కమాటాలో ఒడ్డెక్కింది. హెలికాప్టర్లు గురిపెడతాయి. రైలు పట్టాల దగ్గర ఒకరు ముసలివాళ్ళని వీపున మోసుకుంటూ దాటుతున్నారు. కాల్చమంటారా అన్న ప్రశ్న ఒక్కొక్క మెట్టే ఎక్కి ప్రధాని దాకా వస్తుంది. ఆయన వద్దంటాడు. నిర్ణయం తీసుకోవడం అంటే ఏమిటో ఇంత దగ్గరగా చూపించిన సినిమా నాకు గుర్తులేదు.

తర్వాత ప్రధాని, మంత్రులు చాలామంది ఒక్క దెబ్బకి పోతారు. మిగిలిన వ్యవసాయ మంత్రి తాత్కాలిక ప్రధాని. ఆయన మొదటి బాధ, పనిలో పడి నూడుల్స్ మెత్తబడిపోయాయని. అందరూ ఆయన్ని చేతకానివాడనే అనుకుంటారు. టోక్యో మీద హైడ్రోజన్ బాంబు వెయ్యాలని బయటిదేశాలు తీర్మానిస్తే, గడువు పొడిగించమని ఫ్రాన్స్ రాయబారి ముందు నడుం వంచి అలాగే చాలాసేపు ఉండిపోయేది ఆయనే.

చివరికి ఆపింది ఏమిటి? బాంబులు నింపిన, మనుషుల్లేని రైళ్ళు, ప్రయాణికులు రోజూ ఎక్కేవే. కాంక్రీటు పంపు లారీలు. గాడ్జిల్లాని పడగొట్టి, దాని నోట్లోకి ఆ లారీల గొట్టాలతో రక్తం గడ్డకట్టించే మందు పోస్తారు. 2011లో ఫుకుషిమా అణుకేంద్రంలో ఇంధన కొలనుల్లోకి నీళ్ళు పోసినవి ఇలాంటి లారీలే, జపాన్ ప్రేక్షకుడికి చూడగానే గుర్తొస్తుంది. ఆ పథకానికి పెట్టిన పేరు, వాళ్ళ పురాణంలో ఎనిమిది తలల పాముకి తాగించి పడుకోబెట్టిన సారాయిది. ఒక్క వీరుడు లేడు. గుమస్తాలు, ఇంజనీర్లు, పై అధికారులతో పడనివాళ్ళు కలిసి చేశారు. గాడ్జిల్లా చావలేదు, గడ్డకట్టి ఊరి మధ్యలో నిలబడిపోయింది. ఎప్పుడు కదులుతుందో తెలియదు, దాంతోనే బతకాలి.

'మైనస్ వన్' గొప్పగా తీశారు, కాదనను. ఎఫెక్ట్స్ టీమ్ మొత్తం 35 మంది, దర్శకుడు యమజాకి తనే వాళ్ళతో కూర్చుని 610 షాట్లు చేయించి ఆస్కార్ కొట్టాడు. టోక్యోలోని గింజాలో గాడ్జిల్లా విరుచుకుపడుతుంటే ఇఫుకుబె పాత సంగీతం మొదలైతే నాకూ రోమాలు నిలబడ్డాయి. ఆత్మాహుతికి వెళ్ళి వెనక్కి వచ్చేసిన పైలట్ కథ. ఈసారి ఆపేది యుద్ధం నుంచి మిగిలిన మామూలు నావికులు. మన దేశం ప్రాణాలని మరీ చౌకగా చూసింది, ఈసారి ఎవరూ చావకూడదు, అంటాడు పథకం వేసిన ఇంజనీరు. పైలట్ ఆఖరి క్షణంలో విమానంలోంచి దూకేస్తాడు. హాల్లో చప్పట్లు. మావాడు కుర్చీలో లేచి నిలబడ్డాడు.

నాకు అడ్డుపడింది అక్కడే. సెరిజావాకి దాదాపు 70 ఏళ్ళ తర్వాత ఇచ్చిన జవాబు అదని పాతవి చూశాక అర్థమైంది, మంచి జవాబే. దాన్ని సులువు చేసుకున్నారు. సినిమాలో ప్రభుత్వం ఉన్నా లేనట్టే, అమెరికా రానంటుంది, కాబట్టి తప్పు నిర్ణయం తీసుకుని జవాబు చెప్పాల్సినవాడు ఎవడూ లేడు. గింజాలో పేలుడుకి కొట్టుకుపోయిన అమ్మాయి కూడా చివర్లో ఆసుపత్రి మంచం మీద కట్టుతో కనిపిస్తుంది. మా ఇళ్ళల్లో సీరియల్స్ చూసినవాళ్ళకి ఆ కట్టు బాగా తెలుసు.

"నాన్నా, అందరూ బతికితే నీకేం ప్రాబ్లమ్?" అన్నాడు మావాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు. కాంక్రీటు లారీల గురించి చెప్పి చూశాను, వినలేదు.

30 పూర్తయ్యాక, ఈ శనివారం నువ్వే ఎంచుకో అన్నాను. మైనస్ వన్నే అంటాడనుకున్నా. బడి బ్యాగు పక్కన పడేసి, ఇంటి తాళంచెవి బల్ల మీద పెట్టి, ఇచిరో సినిమా పెట్టాడు. గంటా పది నిమిషాలేగా. ఈసారి ఫోన్ వంటింట్లో పెట్టొచ్చి కూర్చున్నాను.