తప్పనిసరి విరాళం గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ తప్పనిసరి విరాళం గారికి,

నమస్కారములు. విరాళమంటే ఇచ్చేవాడి ఇష్టమని, తప్పనిసరి అయినప్పుడు దాన్ని రుసుము అంటారని చిన్నప్పుడు చదువుకున్నాను. అయితే ఇంజనీరింగ్ సీటుకు ‘డొనేషన్’ కట్టి, రసీదు అడగకుండా తలవంచుకొని బయటికి వచ్చే తెలుగు తండ్రుల వంశంలో పుట్టినవాణ్ణి కనుక, 2004లో ఆడపిల్లను దత్తత తెచ్చుకోవడానికి అమెరికా నుంచి పది కుటుంబాల బృందంతో చైనా బయలుదేరుతూ అక్కడి అనాథాశ్రమానికి కట్టితీరాల్సిన మూడు వేల డాలర్ల రూపంలో మీ పేరు విన్నప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. మిగతా తొమ్మిది కుటుంబాల వాళ్లే, పాపం, ‘ఇవ్వకపోతే ఏమవుతుంది?’ అని ఏజెన్సీని అడిగి, జవాబుగా ఒక చిరునవ్వు పుచ్చుకున్నారు.

మీకున్నన్ని మడి ఆచారాలు మా ఇంట్లో ఏ వ్రతానికీ లేవు. మూడు వేల డాలర్లూ కొత్త వంద నోట్లే కావాలి. మడత ఉండకూడదు, సిరాచుక్క ఉండకూడదు, అంచు చిరగకూడదు. మా ఆవిడ ఆ ముప్పై నోట్లనూ లావుపాటి పుస్తకంలో పెట్టి, దానిమీద రోకలిబండ ఉంచి రాత్రంతా చదును చేసింది. హూనాన్ రాష్ట్ర రాజధాని చాంగ్‌షాలో దిగేదాకా తండ్రులమెవరమూ మిమ్మల్ని నడుము నుంచి విప్పలేదు. బస్సులో గైడు మైకు పట్టుకొని ‘పాస్‌పోర్టు, ఫొటోలు, కవరు’ అన్నప్పుడల్లా పది చేతులు పది పొట్టలు తడుముకునేవి.

కార్యాలయంలో మిమ్మల్ని రెండుసార్లు లెక్కించి, ఒక నోటును వెలుతురుకు పట్టి చూసి, నచ్చక తిప్పి ఇచ్చారు. అదే సమయంలో పక్క గదిలో పదకొండు నెలల మా అమ్మాయి ఆయా మెడ పట్టుకొని గుక్కపట్టి ఏడుస్తోంది. ఆమె కాగితాల్లో తల్లి పేరు లేదు, పుట్టిన తేదీ అంచనా. ‘మార్కెట్ గేటు దగ్గర దొరికింది’ అన్న ఒక్క వాక్యం ఉంది. ఆ వాక్యాన్ని ఎవరూ వెలుతురుకు పట్టి చూడలేదు, మేమూ చూడలేదు. ఈ బిడ్డను ఎన్నటికీ విడిచిపెట్టబోమని మాట ఇమ్మన్నారు, ఇచ్చాం. తర్వాత గ్వాంగ్‌జౌలో అమెరికా వీసా, వైట్ స్వాన్ హోటల్ ఎర్ర సోఫా మీద పదిమంది పిల్లలనూ వరసగా కూర్చోబెట్టిన ఫొటో.

2005 చివర్లో, హూనాన్‌లోని కొన్ని అనాథాశ్రమాలు దళారుల దగ్గర పసిపిల్లలను కొని విదేశీ దత్తతకు పంపాయన్న కేసులో అరెస్టులు జరిగాయి. చైనా నుంచి అమెరికాకు ఆ ఏడాది వచ్చిన పిల్లలు సుమారు 7,900 మంది. అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ అంతమంది రాలేదు. బిడ్డకు మూడు వేల డాలర్లు పలుకుతున్న చోట గేట్ల దగ్గర దొరికే బిడ్డలకు కొరత ఎందుకుంటుంది? ఈ సంగతి మాకు కొత్త కాకూడదు. 2001లో మన లంబాడా తండాల ఆడశిశువులను కొని దత్తత సంస్థలకు చేర్చిన బాగోతం చదివి, ‘ఛీ, మనవాళ్లింతే’ అని పేపరు మడిచి, చైనాకు దరఖాస్తు పెట్టుకున్నది మేమే.

2024లో చైనా, పిల్లల దగ్గరి బంధువులకు తప్ప, విదేశీ దత్తతలు ఆపేసింది కనుక తమరు విశ్రాంతిలో ఉండి ఉంటారు. ఇరవై దాటిన మా అమ్మాయి మాండరిన్ నేర్చుకుంది. మొన్న మీ రసీదును బీరువాలోంచి తీయించి, ముద్ర కింది అక్షరాలు చదివి, ‘ఆశ్రమ అభివృద్ధికి’ అని మాకు అర్థం చెప్పి, ఆ ఏడాది ఖర్చుల పద్దు ఎక్కడ దొరుకుతుందని అడిగింది. మీ దగ్గర ఉంటే దయచేసి పంపండి. ఎంత నలిగినా, ఎన్ని మడతలు పడినా మేము తిప్పి ఇవ్వం.

ఇట్లు,
మిమ్మల్ని నడుముకు కట్టుకొని తిరిగిన ఒక తండ్రి