చట్టం లేకుండా సాయంత్రం ఆరింటికి సీట్లోంచి లేవలేం

రాత్రి పదింటికి బెంగళూరు మారతహళ్లిలో ఏ పీజీ హాస్టల్ మెస్‌లోకైనా వెళ్లండి. ఐటీ ఉద్యోగాలు చేసే మన గుంటూరు, కడప పిల్లలు కుడిచేత్తో పప్పన్నం కలుపుకుంటూ, ఎడమచేత్తో ఫోన్‌లో కాల్ మ్యూట్ తీస్తూ వేస్తూ కనిపిస్తారు. వీళ్ల పనిదినాన్ని 9 గంటల నుంచి 10కి, ఓవర్‌టైమ్‌తో కలిపి 12కి పెంచాలని 2025 జూన్‌లో కర్ణాటక ప్రభుత్వం ప్రతిపాదించింది. మూడు నెలల ఓవర్‌టైమ్ పరిమితి 50 గంటల నుంచి 144కి. అంతకు ముందు ఏడాది ఏకంగా 14 గంటల ప్రతిపాదనే వచ్చింది, దానిమీద పెద్ద గొడవైంది. ఆంధ్ర, తెలంగాణ కూడా 2025లో రోజుకి పది గంటల దారే పట్టాయి. నేనడిగేది దీనికి పూర్తిగా ఎదురు. గంటలు తగ్గిస్తూ చట్టం రావాలి.

"ఎవరిష్టం వాళ్లది, ఓవర్‌టైమ్ చేస్తే నాలుగు డబ్బులొస్తాయి కదా" అంటారు. ఫ్యాక్టరీలో రెట్టింపు కూలి వచ్చే మనిషి విషయంలో ఆ మాటకు విలువుంది, అతనికి జీతం తగ్గకుండానే గంటలు తగ్గాలి. ఐటీలో మాత్రం ఓవర్‌టైమ్‌కి లెక్కకట్టి డబ్బిచ్చిన మేనేజర్‌ని పదకొండేళ్లలో నేను చూడలేదు.

వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకు, 35-40 గంటలు చేసేవాళ్లకంటే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లోనే చెప్పాయి. అది ఒంటి సంగతి. అసలు ఇష్టం అనే మాటే టీమ్‌లో నిలవదు. పక్క సీటువాడు ఎనిమిదిన్నర దాకా కూర్చుంటే నేను ఆరింటికి బ్యాగ్ సర్దడం తప్పు చేసినట్టుంటుంది, అప్రైజల్ గుర్తొస్తుంది, మళ్లీ కూర్చుంటాను, నన్ను చూసి ఇంకొకరు కూర్చుంటారు. అందరికీ ఒకే హద్దు ఉంటేనే ఈ టెన్షన్ తెగుతుంది, ఆ హద్దు గీయగలిగేది చట్టమే. దక్షిణ కొరియా 2018లో వారానికి 68 గంటల గరిష్ఠాన్ని 52కి దించింది. 2023లో మళ్లీ 69 చేద్దామని అక్కడి ప్రభుత్వం అంటే యువత ఎదురు తిరిగింది, మళ్లీ ఆలోచిస్తామనక తప్పలేదు. సాయంత్రాలు ఇంట్లో గడపడం అలవాటైనవాళ్లు వాటిని ఆఫీసుకి తిరిగివ్వడానికి ఒప్పుకోలేదు.

మరి మనవాళ్లెందుకు అడగరు? నా అనుమానం మన ఇంటర్ మీద. పొద్దున ఐదున్నరకి లేపి రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్లంటూ కూర్చోబెట్టే రెసిడెన్షియల్ కాలేజీలో నేను రెండేళ్లున్నాను. జ్వరమొచ్చినా స్టడీ హాల్లోనే తల వాల్చుకోమనేవారు. "రెండేళ్లు ఓర్చుకో నాన్నా, తర్వాత అంతా సుఖమే" అని మా నాన్న కూడా అన్నారు. పదహారేళ్లకే గంటల లెక్క అడగడం మానేసిన పిల్లలు ఇరవై ఆరేళ్లకు మేనేజర్‌ని ఏమడుగుతారు? బెంగళూరు ఆఫీసులకు పెట్టే హద్దు ఆ స్టడీ హాళ్లకూ పెట్టాలి, అక్కడ కూర్చునేవాళ్లు పిల్లలు కాబట్టి ముందు అక్కడే పెట్టాలి. మా అక్క కొడుకు ఈ ఏడాది ఇంటర్‌లో చేరాడు. వాడితో మాట్లాడటానికి మాకు ఆదివారం పది నిమిషాలు ఇస్తున్నారు.