కొండెక్కినవారి పక్షాన ఒక విన్నపం

పర్వతాలలో బండి నడపడం గురించి అనుభవజ్ఞులు ఇంతవరకూ చెప్పిన సలహాలన్నిటినీ ఒకచోట పోగుచేసి చూస్తే, వాటి వెనక మనిషి ఆత్మగౌరవాన్ని దెబ్బతీయాలన్న దురుద్దేశం ఏదో ఉన్నదని నాకు క్రమంగా అర్థమైంది. టైర్లలో గాలి తగ్గించమంటారు. గేరు తగ్గించమంటారు. సామాను తగ్గించమంటారు. తల నొప్పిగా ఉందంటే ఏకంగా ఎత్తే తగ్గమంటారు. ఎక్కడానికి బయల్దేరినవాడికి అడుగడుగునా దిగమని బోధించే ఈ శాస్త్రాన్ని మా మిత్రబృందం ఆరు పగళ్లు, అయిదు రాత్రులు ఏకధాటిగా ప్రతిఘటించింది. ఆ ప్రతిఘటన ఎక్కడో ఒకచోట నమోదు కావాలన్న ఉద్దేశంతోనే ఈ వ్యాసం రాస్తున్నాను.

మేము ఆరుగురం, మావి మూడు ఫోర్ బై ఫోర్ బండ్లు, అంటే నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందేవి. ఆరుగురిలో అయిదుగురికి పుట్టుకతోనే నాయకత్వ లక్షణాలు ఉండడం వల్ల, అనుచరగణం బాధ్యత మొత్తం నేనొక్కడినే మోయవలసి వచ్చింది. చివరికి అందరికన్నా ఖరీదైన బండి ఉన్నవాడే నాయకుడని తేలింది. రాజ్యాంగాలు రాసుకున్న దేశాలలో కూడా ఇంతకంటె గొప్ప పద్ధతి అమలులో ఉన్నట్టు కనబడదు కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. బరువైన సామాను బండిలో అడుగున సర్దుకోవాలనీ, పైకప్పు మీద బరువు పెరిగిన కొద్దీ గురుత్వ కేంద్రం పైకి జరిగి, పక్కవాలులో బండి పల్టీ కొట్టే ప్రమాదం ఎక్కువవుతుందనీ అందరికీ తెలుసు. అయితే అడుగున సర్దిన సామాను ఫొటోలో పడదు. అందుచేత రెండేసి స్టెప్నీలు, డీజిల్ డబ్బాలు, పార, తాళ్లు, ఇసుకలో చక్రాల కింద వేసే పలకలు, గుడారాలు, అన్నిటినీ నెత్తిన పెట్టుకుని, కొండ కనబడకముందే చెప్పుకోదగిన ఎత్తు సాధించాం.

ముందుగా గాలి సంగతి. తారురోడ్డు మీద 32 పాయింట్లుండే టైరును రాళ్లదారిలో 18కో 20కో దించాలని పెద్దల మాట. గాలి తగ్గిన టైరు కొద్దిగా చతికిలబడి, నేలను తాకే భాగం పొడవుగా సాగి, రాయి ఎదురైతే ఎగిరిపడకుండా దాన్ని చుట్టుకుని పట్టుకుంటుందట. వంగితేనే పట్టు దొరుకుతుందనే ఈ వాదం వినడానికే అవమానకరంగా ఉన్నదని మా నాయకుడు మొదటిరోజే తీర్మానించాడు. ప్రకృతి కూడా ఆయన పక్షానే నిలిచింది. పైకి వెళ్లేకొద్దీ బయటి గాలి ఒత్తిడి పడిపోతుంది గనుక, సముద్రమట్టం దగ్గర 32 చూపించిన టైరు, చలి వల్ల తగ్గేది పక్కనపెడితే, 4,500 మీటర్ల దగ్గర 38 దాకా చూపిస్తుంది. మేము తగ్గించకపోగా టైర్లు తమంతట తామే పెరిగాయి. వెనక సీట్లోని చిరుతిళ్ల పొట్లాలు కూడా ఇదే కారణం చేత పొంగి దిండ్లలా తయారయ్యాయి. ఆ ఎత్తులో ఉబ్బనిది ఏదీ మా బండిలో లేదు.

మూడో రోజు మధ్యాహ్నం వదులురాళ్ల ఎక్కుడుదారి ఒకటి ఎదురైంది. పట్టుమని యాభై గజాలు లేదు. మొదటి బండి సగం దాకా వెళ్లి, నాలుగు చక్రాలూ గిర్రున తిరుగుతుండగా, పక్కకు జారుతూ తిరిగి మా దగ్గరికే వచ్చింది. రెండోసారి ఇంకా వేగంగా వెళ్లి, ఇంకా తొందరగా వచ్చింది. మూడోసారికి క్లచ్ ప్లేటు మాడిన వాసన లోయంతా పరుచుకుంది. ఆ వాసనకు మా అయిదుగురు నాయకులూ మేల్కొని అయిదు సిద్ధాంతాలు ప్రతిపాదించారు. రెండు పక్కల చక్రాలనూ ఒకే వేగంతో తిప్పే డిఫరెన్షియల్ లాక్ వెయ్యమని ఒకరు, తియ్యమని ఒకరు, తాడు కట్టి లాగుదామని ఒకరు. రబ్బరులా సాగే ఆ తాడును బండికి వెనక ఉండే, ట్రెయిలర్ తగిలించే ఇనప గుండుకు తగిలించబోతే మాత్రం నేను మొట్టమొదటిసారి నోరు విప్పవలసి వచ్చింది. లాగేటప్పుడు ఆ గుండు విరిగి తుపాకి గుండులా దూసుకొచ్చి మనుషులు చనిపోయిన సందర్భాలు ఉన్నాయనీ, తాడును ఛాసిస్‌కు, అంటే బండి చట్రానికి, బిగించిన కొక్కేనికే కట్టాలనీ చెప్పాను. నాయకత్వ లక్షణాలు లేనివాడు భయస్తుడు కావడం సహజమేనని అందరూ నన్ను ఓదార్చారు.

ఈ చర్చ నడుస్తుండగా వెనకనుంచి ఒక పాత సరుకుల లారీ వచ్చి, మేము దారికి అడ్డంగా ఉన్నందువల్ల ఆగింది. దానికి వెనక చక్రాలకు తప్ప ముందు చక్రాలకు ఇంజిన్ బలం అందదు. అందులోనుంచి క్లీనరు కుర్రాడొకడు దిగాడు. మా భాష వాడికి రాదు, వాడి భాష మాకు రాదు. మా ముందు టైరును కాలితో ఒకసారి తన్నాడు. కణ్‌మని మోగింది. గొంతుక్కూర్చుని, వాల్వు మూత విప్పి, మూతను పోకుండా పళ్ల మధ్య పెట్టుకుని, కింద ఒక సన్నటి రాయి ఏరి దాని మొనతో వాల్వు పిన్నును నొక్కిపట్టాడు. బుస్సుమని గాలి పోతుంటే ఆకాశంలోకి చూస్తూ, వేళ్ల మీద లెక్కపెడుతున్నట్టు పెదవులు కదిపాడు. మా నాయకుడి దగ్గర అంకెలు వెలిగే గేజి ఉన్నది, పెట్టె కూడా విప్పనిది. కుర్రాడు నాలుగు టైర్లకూ అలాగే చేసి, మూతలు బిగించి, చెయ్యి పైకి ఊపాడు. బండి ఎక్కేసింది. గట్టిగా ఎక్సిలరేటరు తొక్కవలసిన అవసరం కూడా పడలేదు. ఒకరి గాలి తీసెయ్యడం అని మనవాళ్లు అంటుంటే విన్నానుగాని, పదహారేళ్ల కుర్రాడు గులకరాయితో ఆ పని చెయ్యడం కళ్లారా చూసింది అదే మొదటిసారి. ఈ సంఘటనను మా ప్రయాణ నివేదికలో ‘టైర్లు చల్లబడిన తర్వాత బండి ఎక్కింది’ అని నాయకుడు రాయించాడు.

గేరు విషయంలో మాత్రం మేము బాహాటంగానే సిద్ధాంతాన్ని కాపాడుకున్నాం. ‘ఫోర్ లో’ అనే తక్కువ గేర్ల ఏర్పాటు చక్రాల తిప్పుబలాన్ని చాలా బండ్లలో రెండున్నర రెట్లో అంతకు మించో పెంచుతుంది. కాని వేగాన్ని కూడా అదే లెక్కన కోసేస్తుంది. దిగేటప్పుడు ఆ గేరులో వేసి పాదాలు కదపకుండా కూర్చుంటే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. ఇలా ఊరుకోవడం ఏ వీరుడికి నచ్చుతుంది? మా రెండో బండి తొమ్మిది కిలోమీటర్ల దిగుడును బ్రేకు మీద కాలు తీయకుండా దిగింది. డాట్ 4 రకం బ్రేకు నూనె కొత్తదైతే 230 డిగ్రీల దాకా మరగదు. ఏళ్ల తరబడి మార్చక చెమ్మ పీల్చుకున్నదైతే 155 డిగ్రీలకే మరగవచ్చు. మరిగిన నూనెలో బుడగలు పుడతాయి, పెడలు నొక్కితే బుడగలు నలుగుతాయి తప్ప బ్రేకు పడదు. మా వాడి పెడలు మెత్తటి పరుపులా నేలదాకా పోయింది. బండి చివరికి ఆగింది, ఒక మట్టిగట్టు దయవల్ల. 2023 డిసెంబర్‌లో చిలీలోని ఓహోస్ దెల్ సలాదో అగ్నిపర్వతం మీద 6,734 మీటర్ల ఎత్తుదాకా పోర్షే 911 కారును తీసుకువెళ్లి రోమాన్ డ్యూమా రికార్డు సాధించాడు. ఆ కారును అందుకోసం సిద్ధం చేసినవారు గేరు నిష్పత్తులు కూడా తగ్గించారని నేను చెప్పినప్పుడు, అతడు వృత్తి డ్రైవరు గనుక అతడికి పరువు సమస్య ఉండదని మా నాయకుడు వివరించాడు.

ఇక అసలు పరీక్ష మనిషి శరీరానికి. సుమారు 5,500 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో సగానికి పడిపోతుంది. గాలిని బలవంతంగా లోపలికి నెట్టే టర్బో లేని ఇంజిను ప్రతి వెయ్యి మీటర్లకు ఇంచుమించు పదోవంతు బలాన్ని కోల్పోతుంది. టర్బో ఉంటే ఆ లోటును కొంత పూడ్చుకుంటుంది. మనిషికి టర్బో లేదు, ఉన్నదని అనుకోవడం ఒక్కటే ఉంది. ఆండీస్ కనుమ దాటుతూ తనకు పట్టుకున్న వాంతులకూ నీరసానికీ అక్కడి గాలి శ్వాసకు చాలనంత పల్చగా ఉండడమే కారణమని హోసే దె అకోస్టా అనే జెస్యూట్ క్రైస్తవ గురువు 1590లోనే రాశాడు. 1878 నాటికి పాల్ బేర్ అనే ఫ్రెంచి శరీరశాస్త్రజ్ఞుడు, తగ్గింది ఆక్సిజన్ ఒత్తిడేనని ప్రయోగాలతో తేల్చాడు. ఇద్దరూ మా నాయకుణ్ణి సంప్రదించలేదు. 3,000 మీటర్లు దాటాక, నిద్రపోయే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని వైద్యుల సూచన. నడిచి ఎక్కేవాడు కాళ్ల నొప్పుల పుణ్యాన ఈ సూచనను తనకు తెలియకుండానే పాటిస్తాడు. బండికి కాళ్ల నొప్పులు లేవు గనుక మేము ఒక్కరోజులో 1,400 మీటర్లు పెంచాం.

ఆ రాత్రి గుడారంలో రక్తంలోని ఆక్సిజన్ శాతం చూసే వేలిమిషను చేతులు మారింది. ఒకడికి 84, ఒకడికి 81. నాయకుడికి 77 వస్తే వేలు మార్చాడు, అరచేతులు రుద్దుకున్నాడు, గుండెలనిండా గాలి పీల్చి బిగబట్టి 82 రాగానే మిషను తీసేసి ‘పాసయ్యాను’ అన్నాడు. పొయ్యి మీద నీళ్లు కళపెళా మరుగుతున్నాయి. అయితే ఆ ఎత్తులో నీరు 85 డిగ్రీలకే మరుగుతుంది గనుక గింజలు మాత్రం గంటన్నర తర్వాత కూడా గింజలుగానే ఉన్నాయి. మా ఆరోగ్య సలహాదారు, అంటే మందులపెట్టె తెచ్చినవాడు, తినకుండానే పడుకున్నాడు.

పదకొండు గంటలకు లేచి కూర్చుని, ‘‘బావా, తల పగిలిపోతోందిరా, కిందికి పోదాం’’ అన్నాడు.

‘‘ఇంత దూరం వచ్చి దిగిపోవడమేమిటిరా? కాసేపు పడుకో, అదే తగ్గుతుంది’’ అన్నాడు నాయకుడు.

తగ్గడం అనే క్రియాపదాన్ని ఆయన ఆ ఆరు రోజులలో తలనొప్పికి తప్ప మరి దేనికీ వాడలేదు. గంట తర్వాత సలహాదారు బయటికి వెళ్లబోయి తూలాడు. మడమకు బొటనవేలు ఆనించి సరళరేఖలో పది అడుగులు వెయ్యమన్నాను. నాలుగోదానికే పక్కకు పడబోయాడు. నేల ఎగుడుదిగుడుగా ఉందని నాయకుడన్నాడు. నేల మీద పరిచినది మా గుడారం పట్టా, నున్నటిది. మెదడుకు వాపు వచ్చేటప్పుడు మొదట కనబడే గుర్తులలో ఈ తూలు ఒకటనీ, ఆలస్యం చేయకుండా దింపడమే దానికి అసలైన వైద్యమనీ ఆ మందులపెట్టెలోని కాగితం మీదే రాసి ఉంది. దాన్ని నేను టార్చి వెలుగులో పైకి చదివాను. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. చీకట్లో కొండదారి దిగడం వీరోచితం కాదు గనుక స్టీరింగు నాకిచ్చారు. తెల్లవారేసరికి 900 మీటర్లు దిగాం. సలహాదారు నిటారుగా నడిచి, ఆకలేస్తోందన్నాడు. నివేదికలో ఇది ‘రాత్రివేళ చోదన విన్యాసం’ అన్న శీర్షిక కింద ఉంది.

ఎత్తును తగ్గించి చెప్పడానికి మనసొప్పని జబ్బు మా ఒక్కరిదే కాదన్న ధైర్యం నాకుంది. లద్దాఖ్‌లోని ఖార్దుంగ్ లా కనుమ మీద 18,380 అడుగులని చాటిన బోర్డు ముందు ఎందరు నిలబడి ఫొటో దిగారో లెక్కలేదు. ఉపగ్రహాల సాయంతో కొలిస్తే అది సుమారు 17,582 అడుగులు. ఎనిమిది వందల అడుగుల కొండను ఒక్క డబ్బా రంగుతో లేపిన ఆ చేతికి నమస్కారం. 2021లో 19,024 అడుగుల ఉమ్లింగ్ లా మీదుగా రోడ్డు వేసిన సరిహద్దు రహదారుల సంస్థ కూలీలు నెలల తరబడి అక్కడే తట్టలు మోశారు. ఆ రోడ్డు మీద నాలుగు నిమిషాలు ఆగి వచ్చినవారు బండి వెనక ‘జయించాను’ అని స్టిక్కరు వేయించుకుంటున్నారు. పని విభజన అంటే ఇదే.

నది గురించి ఎక్కువ చెప్పను. మంచు కరిగి వచ్చే వాగు తెల్లవారుజామున తగ్గి, ఎండ ముదిరాక పొంగుతుంది. నీరు తగ్గేదాకా కూర్చోవడం కూడా ఒకరకమైన తగ్గుదలే గనుక మేము మధ్యాహ్నం మూడింటికి దిగాం. నడిచి లోతు చూడలేదు. నడుమకు వెళ్లేసరికి నీరు బోనెట్టు మీదికి ఎక్కింది. దీపం ఆరిపోయిందనడం అశుభమని మన ఇళ్లలో దీపం కొండెక్కిందంటారు. మా ఇంజిను కూడా సరిగ్గా ఆ అర్థంలోనే కొండెక్కింది. నీరు గాలిలా నలిగేది కాదు. సిలిండర్లలోకి చేరి ఉంటే కనెక్టింగ్ రాడ్లు వంగిపోయేవి. అంతకుముందే ఆగిపోవడం వల్ల, తాడుతో వెనక్కి లాగి, ఎయిర్ ఫిల్టరును తడిగుడ్డలా పిండి, రాత్రంతా ఆరబెట్టి, మర్నాడు తెల్లవారుజామున మోకాలి లోతు నీళ్లలో దాటాం.

ఆరో రోజు సాయంత్రానికి మైదానం చేరాం. పైన మూత బిగించిన ఖాళీ నీళ్లసీసాలు ఎవరూ ముట్టుకోకుండానే చొట్టలుపడి నలిగిపోయాయి. కుర్రాడు గాలి తీసిన టైర్లు, దిగినకొద్దీ బయటి ఒత్తిడి పెరిగి, ఇంకో ఆరు పాయింట్లు చిక్కాయి. కంప్రెసరు పెట్టి మళ్లీ 32కు నింపుతుండగా నాయకుడు డ్రైవరు సీట్లో కూర్చుని పక్క అద్దంలోకి చూశాడు. దాంట్లో మొత్తం పర్వతశ్రేణి అగ్గిపెట్టెంత ఉంది.

‘‘చూశార్రా, ఎంతైపోయిందో’’ అన్నాడు.

అద్దం మీద ఆరు రోజుల దుమ్ము ఉంది. దాన్ని బొటనవేలితో తుడిచి, కొండ ఇంకా చిన్నగా కనబడే కోణం ఏదైనా దొరుకుతుందేమోనని అద్దాన్ని అటూ ఇటూ వంచి చూడసాగాడు.